యుద్ధకావ్యంలో ఇంటిదీపం

పదేళ్ళ యుద్ధం గురించి ఒక కావ్యం. ఆ యుద్ధం నుంచి ఇల్లు చేరడానికి పట్టిన పదేళ్ళ గురించి ఇంకో కావ్యం. ప్రాచీన గ్రీకు కవి హోమర్ పేరు మీద లోకానికి దక్కిన ‘ఇలియడ్’, ‘ఒడిస్సీ’ల్లో కత్తుల చప్పుడు మధ్య నుంచి ఆగకుండా వినిపించేది ఇంటి పిలుపే. దాదాపు 2,700 ఏళ్ళుగా ఆ పిలుపు మూగబోలేదు.

కోట గుమ్మం దగ్గర ఆ తండ్రి కాసేపు ఆగాడు. పోరాటం మధ్యలో ఊళ్ళోకి వచ్చాడు. ఒంటి మీద నెత్తురు, దుమ్ము. మళ్ళీ వెంటనే రణరంగానికి వెళ్ళిపోవాలి. ఎదురుగా భార్య. ఆమె పక్కన దాది, దాది చంకలో మాటలు రాని పసికందు. తండ్రి చేతులు చాచాడు. బిడ్డ కెవ్వుమని ఏడ్చి దాది గుండెల్లోకి ముడుచుకుపోయాడు. తండ్రి తల మీద తళతళలాడే కంచు శిరస్త్రాణాన్ని, దాని నెత్తిన ఊగుతున్న గుర్రపు వెంట్రుకల కుచ్చును చూసి జడుసుకున్నాడు. అమ్మకీ నాన్నకీ ఇద్దరికీ నవ్వొచ్చింది. తండ్రి శిరస్త్రాణం తీసి నేల మీద పెట్టాడు. అప్పుడు బిడ్డను అందుకుని ముద్దాడి, చేతుల్లో ఎగరేసి ఆడించాడు. వీడు తండ్రిని మించినవాడని రేపు పదిమందీ చెప్పుకోవాలని దేవుళ్ళకు మొక్కుకున్నాడు. బిడ్డను తల్లి చేతుల్లో పెట్టాడు. ఆమె కన్నీళ్ళతోనే నవ్వింది.

ఆయన ట్రాయ్ యువరాజు హెక్టర్. ఆమె ఆండ్రోమకి. ఆ పసివాడికి తండ్రి పెట్టుకున్న పేరు స్కమాండ్రియస్. ఊరి జనం మాత్రం అస్టియానాక్స్ అని పిలుచుకున్నారు. నగరానికి ఏలిక అని ఆ మాటకు అర్థం. వాడి తండ్రి ఒక్కడే నగరాన్ని కాపాడుతున్నాడన్న కృతజ్ఞతతో పెట్టిన పేరది. ముగ్గురూ కలిసి కనిపించేది ఆ ఒక్కసారే. ఆ తర్వాత కావ్యంలో హెక్టర్ ప్రాణాలతో ఇంట్లో కనిపించడు.

‘ఇలియడ్’ ఆరో సర్గలోని ఈ ఘట్టం యుద్ధకావ్యం నడుమ వెలిగించిన చిన్న దీపంలాంటిది. ఆ వెలుగులో చూస్తే హోమర్ ఇంకోలా కనిపిస్తాడు. వీరుల పేర్లు, దేవతల పంతాలు, నావల పట్టికలు ఎన్ని ఉన్నా, ఆయన మనుషుల్ని తూచిన తూనికరాయి ఒక్కటే. తన ఇంటికి వీడు ఏమవుతాడు? అక్కడితోనూ ఆయన ఆగలేదు. తన ఇంటిని ప్రేమించినవాడు శత్రువు ఇంటిని ఏ కళ్ళతో చూస్తాడు? ఈ రెండో ప్రశ్నే ఆయన్ని ఇన్ని వందల ఏళ్ళు బతికించిందని నా నమ్మకం.

పుట్టిల్లు లేని కోడలు

ఆండ్రోమకికి వెనుదిరిగి వెళ్ళడానికి పుట్టిల్లు లేదు. ప్లాకస్ కొండ కిందనున్న థీబ్ పట్నం ఆమె పుట్టినూరు. తండ్రి ఎయిటియన్ అక్కడి రాజు. గ్రీకు వీరుడు అకిలీస్ ఆ ఊరి మీద పడి ఆయన్ని చంపాడు. పశువుల మందల దగ్గరున్న ఏడుగురు అన్నదమ్ముల్నీ ఒక్క రోజులో చంపాడు. తల్లిని బందీగా పట్టుకుపోయి, సొమ్ము తీసుకుని విడిచిపెట్టాడు. విడుదలైన ఆ తల్లి కూడా తన పుట్టింట్లో కన్నుమూసింది. అందుకే హెక్టర్ చెయ్యి పట్టుకుని ఆమె చెప్పేది ఒక్కటే. తనకు మిగిలిన తల్లీ తండ్రీ తోడబుట్టినవాడూ అన్నీ ఆ మగడేనని.

ఆమె ఉత్త ఏడుపు ఏడవదు. ఉపాయం చెబుతుంది. కోటగోడ ఎక్కడ బలహీనంగా ఉందో, అంజూరపు చెట్టు దగ్గర శత్రువులు ఇప్పటికే మూడుసార్లు ఎలా ఎగబాకబోయారో గుర్తుచేసి, సైన్యాన్ని అక్కడ నిలపమంటుంది. గోడ లోపలి నుంచే పోరాడమంటుంది. హెక్టర్ దానికి నేరుగా జవాబు చెప్పడు. వెనకడుగు వేస్తే ఊరి మగవాళ్ళ ముందు, ఆడవాళ్ళ ముందు తలెత్తుకోలేనంటాడు. ఆపైన మనసు విప్పుతాడు. ట్రాయ్ ఏదో ఒకరోజు కూలుతుందని తనకు తెలుసు. ఆ రోజు తండ్రికి, తల్లికి, తమ్ముళ్ళకు పట్టే గతి కన్నా, ఏ పరాయి దేశంలోనో ఎవరి మగ్గం ముందో కూర్చుని, ఎవరి కోసమో నీళ్ళు మోసే ఆండ్రోమకి తలపే తనను ఎక్కువ కాల్చేస్తోందంటాడు. ఆమె ఆర్తనాదం వినబడకముందే మట్టిలో కలిసిపోవాలని కోరుకుంటాడు.

ఇక్కడే హోమర్ పెట్టిన ముడి ఉంది. హెక్టర్ ఇంటి కోసమే గడప దాటుతాడు. అతడు గడప దాటడంతోనే ఆ ఇంటికి దిక్కు లేకుండా పోతుంది. ఇంటి పట్ల విధేయత అంటే ఇంట్లో ఉండటమా, ఇంటి ముందు నిలబడి చావడమా? భార్య అడిగిందీ ప్రేమతోనే, భర్త కాదన్నదీ ప్రేమతోనే. కవి ఎవరినీ తప్పు పట్టలేదు. ఆండ్రోమకి వెనక్కి తిరిగి చూసుకుంటూ ఇంటికి వెళుతుంది. ఆ ఇంటి ఆడవాళ్ళందరూ బతికున్న హెక్టర్ కోసం అప్పుడే ఏడుపు మొదలుపెడతారు.

ఇరవై రెండో సర్గలో హెక్టర్ అకిలీస్ చేతిలో పడిపోయాడు. ఆ కబురు ఆమెకు ఇంకా అందలేదు. లోపలి గదిలో ఊదారంగు బట్ట మీద పువ్వులు తీరుస్తూ నేస్తోంది. మగడు అలసి వస్తాడని, పెద్ద మూడుకాళ్ళ కాగు పొయ్యి మీద పెట్టి స్నానానికి నీళ్ళు కాగబెట్టమని దాసీలకు పురమాయించింది. అంతలో గోడ వైపు నుంచి ఏడుపులు. చేతిలోని కండె జారి నేల మీద పడింది. పరుగున బురుజెక్కి చూసేసరికి, గుర్రాల వెనక ఈడ్చుకుపోతున్న మగడి దేహం. ఆమె సొమ్మసిల్లి పడిపోయింది. పెళ్ళినాటి మేలిముసుగు ఊడి దూరంగా పడింది. ఎవరూ స్నానం చేయని ఆ వేణ్ణీళ్ళు చెప్పినంతగా యుద్ధం గురించి ఏ సేనాధిపతీ చెప్పలేడు.

ఇల్లంటే నాలుగు గోడలు కాదు

ప్రాచీన గ్రీకులకు ‘ఓయికోస్’ అనే మాట ఉంది. ఇల్లు అని దానికి అర్థం. అందులో గోడలు, పొయ్యి మాత్రమే కాదు, భార్యాబిడ్డలు, ముసలి తల్లిదండ్రులు, పొలం, పశువులు, నౌకర్లు, తాతముత్తాతల పేరు అన్నీ కలిసే ఉంటాయి. ఇవాళ లోకమంతా వాడే ‘ఎకానమీ’ అనే మాట ఈ ఓయికోస్ నుంచి పుట్టిందే. ఇంటిని చక్కదిద్దుకోవడం అనేది దాని మొదటి అర్థం.

హోమర్ లోకంలో మనిషి చిరునామా వంశమే. ఇద్దరు వీరులు ఎదురుపడితే ముందు తండ్రి పేరు చెప్పుకుంటారు. డయోమెడిస్, గ్లాకస్ ఒకరినొకరు చంపడానికే ఎదురొస్తారు. తాతల పేర్లు చెప్పుకునేసరికి, ఆ తాతలిద్దరూ ఒకప్పుడు అతిథి, గృహస్థుల బంధంలో ఉన్నవాళ్ళని తెలుస్తుంది. వెంటనే రథాలు దిగి చేతులు కలుపుతారు. కవచాలు మార్చుకుని, ఇక ఈ యుద్ధంలో ఒకరి మీద ఒకరు ఆయుధం ఎత్తమని మాట ఇచ్చుకుంటారు. రెండు తరాల కిందటి ఆతిథ్యం ఇద్దరు మనవళ్ళ ప్రాణాలు కాపాడింది.

అంకెల్లో రెండు కావ్యాలు

ఇలియడ్: 24 సర్గలు, సుమారు 15,700 పాదాలు. పదేళ్ళ యుద్ధంలో ఆఖరి ఏడాది కొన్ని వారాల కథ. మొదటి మాట ‘ఆగ్రహం’.

ఒడిస్సీ: 24 సర్గలు, సుమారు 12,100 పాదాలు. ట్రాయ్ నుంచి ఇథాకా ద్వీపానికి ఒడిస్యూస్ తిరుగు ప్రయాణం. మొదటి మాట ‘మనిషి’.

రచనాకాలం: క్రీస్తుపూర్వం 8వ శతాబ్దం ప్రాంతమని ఎక్కువమంది పండితుల అంచనా.

ట్రాయ్ జాడ: నేటి తుర్కియేలోని హిసార్లిక్ దిబ్బ. 1870ల్లో హైన్రిక్ ష్లీమన్ తవ్వకాలతో పేరుకెక్కింది. 1998లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

అమరత్వం వద్దన్నవాడు

యుద్ధం ముగిసింది. గెలిచినవాళ్ళు ఇళ్ళకు బయల్దేరారు. ఇథాకా రాజు ఒడిస్యూస్ మాత్రం చేరలేదు. పదేళ్ళు యుద్ధంలో, ఇంకో పదేళ్ళు సముద్రం మీద. అందులో ఏడేళ్ళు కాలిప్సో అనే దేవకన్య తన ద్వీపంలో అతన్ని నిలిపేసింది. ముసలితనం, చావు లేకుండా చేస్తానంది. అతను రోజూ ఒడ్డున కూర్చుని సముద్రం వైపు చూస్తూ ఏడ్చేవాడు. సొంత నేల మీంచి లేచే పొగనైనా ఒక్కసారి చూడాలని అల్లాడాడు.

నీ భార్య నాకన్నా అందగత్తెనా అని దేవకన్య నిలదీస్తే అతను అబద్ధమాడడు. అందంలో, ఒడ్డూపొడుగులో పెనెలొపి నీకు సాటిరాదు, ఆమె చచ్చిపోయే మనిషి, నువ్వు చావులేనిదానివి, అయినా నాకు ఇల్లే కావాలంటాడు. మనసున్న పాఠకుడు అక్కడ పుస్తకం మూసి కాసేపు ఆలోచించక మానడు. ముసలివాడై చచ్చిపోవడానికైనా సిద్ధమే గానీ, అది తనవాళ్ళ మధ్య జరగాలి. ‘ఒడిస్సీ’ నడిచేదంతా ఈ ఎంపిక మీదే. ఇంటికి తిరిగిరావడాన్ని గ్రీకులు ‘నోస్టోస్’ అన్నారు. 1688లో యోహన్నెస్ హోఫర్ అనే వైద్యుడు ఆ మాటకు నొప్పి అనే అర్థమున్న ‘ఆల్గోస్’ను కలిపి ‘నోస్టాల్జియా’ అనే పదం తయారుచేశాడు. ఇంటి మీద బెంగకు అదే పేరై నిలిచింది.

ఇంటి దగ్గర పెనెలొపి యుద్ధం ఇంకో రకం. మగడు చచ్చిపోయాడనుకుని ఆమెను పెళ్ళాడతామంటూ 108 మంది ఇంట్లో తిష్ట వేశారు. పశువుల్ని కోసుకు తింటున్నారు, కుండలకొద్దీ ద్రాక్షసారా ఖాళీ చేస్తున్నారు. మామ లయర్టీస్‌కు కడసారి కప్పే వస్త్రం నేయడం అయ్యాక ఎవరినో ఒకరిని ఎంచుకుంటానంది. పగలు నేసింది, రాత్రి కాగడా వెలుగులో విప్పింది. మూడేళ్ళు అలా నెట్టుకొచ్చింది. నాలుగో ఏట ఒక దాసీ గుట్టు బయటపెట్టింది. ఆమె అడ్డం పెట్టుకున్నది ఏ దైవకార్యాన్నో కాదు, మామగారి అంత్యక్రియల బట్టను. ఇంటి కోడలిగా తనకున్న ధర్మాన్నే ఇంటికి కోటగోడగా మలుచుకుంది.

కొడుకు టెలిమాకస్ తండ్రి ముఖం ఎరగడు. చంటిబిడ్డగా ఉన్నప్పుడే ఆయన వెళ్ళిపోయాడు. కావ్యంలో మొదటి నాలుగు సర్గలూ ఆ కుర్రవాడు తండ్రిని వెతుక్కుంటూ పైలోస్‌కు, స్పార్టాకు వెళ్ళిన కథ. అతని ఎదుగుదలను కవి ఒక చిన్న సంగతిలో చూపిస్తాడు. ఇరవై ఒకటో సర్గలో ఒడిస్యూస్ విల్లు ఎక్కుపెట్టే పందెం. బిచ్చగాడి వేషంలో తిరిగొచ్చిన తండ్రి ఓ మూల కూర్చుని ఉన్నాడు. టెలిమాకస్ మూడుసార్లు విల్లు వంచబోయి విఫలమవుతాడు. నాలుగోసారి ఎక్కుపెట్టేవాడే. తండ్రి కళ్ళతోనే వద్దన్నాడు. కొడుకు వెంటనే విల్లు దించి, తన చేతకానితనం ఒప్పుకున్నట్టు మాట్లాడాడు. అంతమంది ముందు గెలిచే ఘడియను తండ్రి పథకం కోసం వదులుకున్నాడు. అతను ఆ ఇంటి బిడ్డ అని చెప్పడానికి ఆ తగ్గడం చాలు.

గుర్తుపట్టిన కుక్క, గాయపు మచ్చ, కదలని మంచం

ఇరవై ఏళ్ళ తర్వాత తిరిగొచ్చిన ఒడిస్యూస్‌ను ఎవరు ఎలా గుర్తుపట్టారన్నది ‘ఒడిస్సీ’లోకెల్లా గుండె తడిసే భాగం. మొదట గుర్తుపట్టింది ఒక ముసలి కుక్క. పేరు ఆర్గోస్. వెళ్ళకముందు యజమాని చేతులతో పెంచిన వేటకుక్క. ఇప్పుడు గుమ్మం ముందు పెంటకుప్ప మీద, ఒంటి నిండా గోమార్లతో పడి ఉంది. వేషం మార్చుకున్న యజమాని గొంతు వినగానే తోక ఆడించింది, చెవులు వాల్చింది. దగ్గరికి పాకే శక్తి లేదు. వేషం బయటపడుతుందని ఒడిస్యూస్ దాన్ని తాకలేదు. పక్కకు తిరిగి కన్నీరు తుడుచుకుని లోపలికి వెళ్ళాడు. ఇరవయ్యో ఏట యజమానిని చూసిన ఆ కళ్ళు మూతపడ్డాయి.

తర్వాత ముసలి దాది యూరిక్లియా. బిచ్చగాడి కాళ్ళు కడుగుతూ మోకాలి పైన మచ్చ తడిమింది. చిన్నతనంలో తాతగారి ఊళ్ళో, పర్నాసస్ కొండ మీద అడవిపంది కోరతో చీల్చిన గాయమది. చేతిలోని కాలు జారి కంచు పళ్ళెంలో పడింది. పళ్ళెం ఖంగుమంది, నీళ్ళు నేలపాలయ్యాయి. తల్లిలా పెంచిన చేతులు కళ్ళ కన్నా ముందు గుర్తుపట్టాయి.

పెనెలొపి అంత తేలిగ్గా నమ్మలేదు. ఇరవై ఏళ్ళు మోసగాళ్ళ మాటలు విన్న మనిషి. ఒడిస్యూస్ కట్టిన మంచాన్ని గది బయటికి జరిపి పక్క వేయమని దాదితో అంది. అంతే, ఒడిస్యూస్‌కు కోపం పొంగింది. ఆ మంచాన్ని ఎవరు కదిలించగలరు? పెరట్లో ఎదిగిన ఆలివ్ చెట్టు చుట్టూ గది కట్టుకున్నాడు. కొమ్మలు నరికి, వేళ్ళు నేలలోనే ఉన్న మోడును మంచం కోడుగా చెక్కుకున్నాడు. ఆ రహస్యం ఆ ఇద్దరికీ, ఒక్క దాసీకీ తప్ప తెలియదు. పెనెలొపి మోకాళ్ళు సడలిపోయాయి, పరుగున వచ్చి మెడ చుట్టూ చేతులు వేసింది. ఓడ మునిగి, ఈది ఈది ఒడ్డు తాకినవాళ్ళ సంతోషంతో కవి ఆమె సంతోషాన్ని పోల్చాడు. సముద్రం మీద పదేళ్ళు మగడు పడ్డ పాటునూ, ఇంట్లో కూర్చుని ఆమె పడ్డ పాటునూ ఆ పోలిక సమం చేసింది.

చివరికి తండ్రి. కొడుకు కోసం బెంగతో తల్లి యాంటిక్లియా ఎప్పుడో చనిపోయింది. పాతాళంలో ఆమె నీడను కౌగిలించుకోబోతే మూడుసార్లూ చేతుల్లోంచి జారిపోయింది. ముసలి లయర్టీస్ మాత్రం పొలంలో మిగిలాడు. అతుకుల చొక్కా, ముళ్ళు గుచ్చుకోకుండా చేతులకు తొడుగులు, నెత్తిన మేకతోలు టోపీ. ఒక మొక్క చుట్టూ మట్టి గుల్లచేస్తున్నాడు. నేనే నీ కొడుకునంటే ఆనవాలు చెప్పమన్నాడు. ఒడిస్యూస్ మచ్చ చూపించాడు. ఆపైన చెట్లు లెక్కపెట్టాడు. చిన్నప్పుడు తోటలో నీ వెనక నడుస్తూ ప్రతి చెట్టు పేరూ అడిగేవాణ్ణి, నాకని 13 బేరి చెట్లు, 10 ఆపిల్ చెట్లు, 40 అంజూరపు చెట్లు ఇచ్చావు, 50 ద్రాక్ష వరసలు ఇస్తానన్నావు అన్నాడు. ముసలాయన కొడుకు మీద సోలిపోయాడు. నాన్న వేలు పట్టుకుని పొలం గట్ల మీద నడిచిన ఎవరికైనా ఆ లెక్క అర్థమవుతుంది. రాజ్యం తండ్రి ఇచ్చిన ఆస్తే కావచ్చు. ఈ కొడుకు ఇరవై ఏళ్ళు మనసులో మోసింది మాత్రం చెట్ల లెక్కను.

దీపం కింద చీకటి

హోమర్‌ను ప్రేమించేవాళ్ళు ఆ ఇంటి చీకటిని దాచకూడదు. ‘ఒడిస్సీ’ మొదలవుతూనే జ్యూస్ దేవుడి నోట అగమెమ్నన్ ఇంటి ప్రస్తావన వస్తుంది. ట్రాయ్ గెలిచి ఇల్లు చేరిన ఆ గ్రీకు మహారాజును భార్య క్లైటెమ్నెస్ట్రా, ఆమె ప్రియుడు ఈజిస్థస్ కలిసి మట్టుబెట్టారు. కొడుకు ఓరెస్టిస్ పగ తీర్చుకున్నాడు. ఒడిస్యూస్ ఇల్లు కూడా అలా కూలే ప్రమాదం ఉందని కావ్యం పదేపదే హెచ్చరిస్తూనే ఉంటుంది.

విధేయత బరువు అందరి మీదా ఒకేలా లేదు. కాలిప్సో దగ్గర ఏడేళ్ళు, సర్సీ అనే మంత్రగత్తె దగ్గర ఏడాది గడిపిన మగవాడిని ఎవరూ అడగలేదు. పెనెలొపి మాత్రం ప్రతి పూటా పరీక్షకు నిలబడాలి. ఇంకా ఘోరం దాసీల సంగతి. పెళ్ళి కోసం వచ్చినవాళ్ళతో పడుకున్నారన్న నేరం మీద పన్నెండు మంది దాసీలను టెలిమాకస్ ఒకే తాడుకు ఉరితీశాడు. ఆ మగవాళ్ళు దాసీలను బలవంతం చేశారని అంతకు ముందు ఒడిస్యూసే అన్నాడు. ఇంటి గౌరవం పేరు చెప్పి, ఇంట్లో అందరికన్నా దిక్కులేనివాళ్ళను బలిచ్చిన ఆ దృశ్యం నేటికీ చదివేవాళ్ళ గొంతులో ముల్లులా గుచ్చుకుంటుంది. 2005లో కెనడా రచయిత్రి మార్గరెట్ ఆట్‌వుడ్ ‘ది పెనెలోపియాడ్’ నవలలో ఆ పన్నెండు మందికీ గొంతు ఇచ్చింది.

‘ఇలియడ్’లో బ్రిసీస్ అనే బందీ స్త్రీ ఉంది. అకిలీస్, అగమెమ్నన్ తగువుపడింది ఆమె కోసమే. ఇరువురికీ ఆమె బహుమానపు వస్తువు. పంతొమ్మిదో సర్గలో మాత్రం కవి ఆమెతో మాట్లాడించాడు. మగడు, ముగ్గురు అన్నదమ్ములు ఒక్క రోజే తన కళ్ళ ముందు చచ్చిపోయారని ఆమె ఏడ్చినప్పుడు, వస్తువనుకున్న మనిషి వెనక కూడా కాలిపోయిన ఒక ఇల్లు ఉందని తెలుస్తుంది.

పాడినవాళ్ళ గొంతులో

ఈ కావ్యాలు పుస్తకం కోసం పుట్టలేదు, పాట కోసం పుట్టాయి. 1933–35 మధ్య అమెరికన్ పండితుడు మిల్మన్ పారీ యుగోస్లావియా పల్లెల్లో వీరగాథలు పాడేవాళ్ళ గొంతులు రికార్డు చేశాడు. అవ్డో మెజెడోవిచ్ అనే చదువురాని గాయకుడు 12,000 పాదాలకు పైబడిన గాథను చెప్పి రాయించాడు. అంటే దాదాపు ‘ఒడిస్సీ’ అంత. పారీ శిష్యుడు ఆల్బర్ట్ లార్డ్ 1960లో తెచ్చిన ‘ది సింగర్ ఆఫ్ టేల్స్’తో, ఇంత పెద్ద కావ్యాలు నోటి మీద ఎలా నిలుస్తాయో లోకానికి తెలిసింది. కారెంపూడిలో వీర విద్యావంతులు పాడే పల్నాటి వీరుల కథ విన్న తెలుగువాళ్ళకు ఇది వింతగా తోచదు. సవతి అన్నదమ్ముల పోరులో ఇళ్ళకు ఇళ్ళే ఆరిపోయిన గాథ అది. దాన్ని జీన్ రోఘైర్ అనే అమెరికన్ పండితుడు మౌఖిక ఇతిహాసంగా అధ్యయనం చేసి 1982లో ఇంగ్లిష్ అనువాదంతో సహా పుస్తకంగా తెచ్చాడు.

‘ఒడిస్సీ’లోనూ ఒక గాయకుడున్నాడు. పేరు డెమొడోకస్, అంధుడు. పరాయి రాజు కొలువులో అతను ట్రాయ్ పతనాన్ని పాడుతుంటే, ఆ పతనానికి కారకుడైన ఒడిస్యూస్ విని ఏడుస్తాడు. ఎలా ఏడ్చాడో చెప్పడానికి హోమర్ తెచ్చిన పోలిక ఒళ్ళు గగుర్పొడిపిస్తుంది. ఊరినీ బిడ్డలనూ కాపాడబోయి నేలకూలిన మగడి మీద పడి రోదిస్తుంటే, వెనక నుంచి శత్రువులు ఈటెలతో పొడుస్తూ బానిసత్వానికి లాక్కుపోతున్న ఆడదానిలా ఏడ్చాడట. ఆ ఆడది ఎవరో మనకు తెలుసు. ఆమె ఆండ్రోమకి కావచ్చు, ట్రాయ్‌లో ఏ ఇల్లాలైనా కావచ్చు. గెలిచినవాడి కళ్ళలోంచి కారింది ఓడినవాళ్ళ ఇంటి కన్నీరు.

శత్రువు ముంగిట్లో తండ్రి

మళ్ళీ ‘ఇలియడ్’కు, దాని చివరి సర్గకు వద్దాం. హెక్టర్ శవాన్ని అకిలీస్ రోజుల తరబడి రథానికి కట్టి ఈడుస్తున్నాడు. హెక్టర్ తండ్రి, ముసలి రాజు ప్రియామ్ నగలూ బట్టలూ బండికెత్తించి, ఒక్క ముసలి వార్తాహరుడి తోడుతో, రాత్రివేళ శత్రువుల శిబిరానికి బయల్దేరాడు. భార్య హెక్యుబా వద్దని ఏడ్చింది. దేవుడు హెర్మీస్ దారి చూపాడు. యాభైమంది కొడుకుల తండ్రి ఆయన. వాళ్ళలో ఎంతోమందిని చంపిన అకిలీస్ ముందు మోకరిల్లి, చంపిన ఆ చేతులనే ముద్దుపెట్టుకున్నాడు. నీ తండ్రిని తలుచుకో, ఆయనా నాలాగే ముసలివాడు, ఆయనకు కొడుకు వస్తాడన్న ఆశైనా ఉంది, నాకు అదీ లేదు అని వేడుకున్నాడు.

అకిలీస్‌కు తండ్రి పెలియస్ గుర్తొచ్చాడు. ఒక్కడే కొడుకు తను. ఇక్కడే చస్తానని, ముసలి తండ్రికి ఆసరా కాలేనని అతనికి తెలుసు. ముసలాయన చేతిని మెల్లగా తొలగించాడు. ఇద్దరూ ఏడ్చారు. ఒకరు కొడుకు కోసం, ఇంకొకరు తండ్రి కోసం, హెక్టర్ చేతిలో పోయిన ప్రాణస్నేహితుడు పాట్రోక్లస్ కోసం. ఒకే కప్పు కింద ఇద్దరు శత్రువుల ఇళ్ళ దుఃఖం కలిసిపోయింది.

ఆ తర్వాత అకిలీస్ చేసిన పనిని దగ్గరగా చూడాలి. శవాన్ని ప్రియామ్ కంటపడకుండా పక్కకు తీసుకెళ్ళి కడిగించాడు. కొడుకును ఆ స్థితిలో చూస్తే తండ్రి కోపం ఆపుకోలేడని, అది చూసి తనూ కోపంతో ఆయన్ని చంపేస్తాడేమోనని భయపడ్డాడు. తన కోపం సంగతి అతనికి తెలుసు. కడిగి, నూనె రాసి, బట్ట కప్పాక శవాన్ని తనే స్వయంగా ఎత్తి పాడె మీద పెట్టాడు. పన్నెండు మంది బిడ్డలను పోగొట్టుకున్న నియోబీ కూడా చివరికి ఇంత తిన్నదని చెప్పి ముసలాయన చేత అన్నం తినిపించాడు. అంత్యక్రియలకు ఎన్ని రోజులు కావాలో అడిగి, పదకొండు రోజులు యుద్ధం ఆపుతానని మాట ఇచ్చాడు.

ఆరో సర్గలో ఆండ్రోమకి చెప్పిన ఒక చిన్న సంగతి ఇక్కడ గుర్తొస్తుంది. తన తండ్రి ఎయిటియన్‌ను చంపినప్పుడు అకిలీస్ ఆయన కవచం ఒలుచుకోలేదు. కవచంతో సహా దహనం చేసి, సమాధి దిబ్బ కట్టించాడు. అంటే ఈ మనిషిలో ఆ మర్యాద మొదటి నుంచీ ఉంది. పగ దాన్ని కప్పేసింది. ఒక ముసలి తండ్రి వచ్చి, నీ తండ్రిని తలుచుకో అనేసరికి ఆ మర్యాద మళ్ళీ లేచి నిలబడింది. హోమర్ చూపిన కుటుంబ విధేయతకు నిండుదనం అక్కడే ఉందని నేననుకుంటాను. మన ఇంటి మీద ప్రేమ ఎదుటివాడి ఇంటిని కాల్చడానికి కారణమైతే అది పగగానే మిగిలిపోతుంది. ఎదుటివాడి గడపలోనూ ఒక ముసలి తండ్రి ఉన్నాడని గుర్తుచేస్తేనే అది ప్రేమ.

‘ఇలియడ్’లో ట్రాయ్ కూలదు. దాన్ని కూల్చిన కొయ్యగుర్రం కనిపించదు. అకిలీస్ చావు కూడా రాదు. ఆండ్రోమకి, హెక్యుబా, ఈ యుద్ధానికి కారణమైన హెలెన్ ముగ్గురూ వరసగా శవం పక్కన నిలబడి ఏడుస్తారు. చితి వెలుగుతుంది, అస్థికలు బంగారు పెట్టెలో పెడతారు. గ్రీకుల మహాకావ్యం గ్రీకుల శత్రువైన హెక్టర్ అంత్యక్రియలతో ముగిసిపోతుంది.

మొత్తం 24 సర్గలు చదివే తీరిక లేనివాళ్ళకు నాదొక విన్నపం. ఆరో సర్గ, ఇరవై నాలుగో సర్గ మాత్రం వదలొద్దు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళ పక్కన కూర్చుని పైకి చదవండి. వినడం కోసం పుట్టిన కావ్యమది.